పక్కకి తీసిన గారెలు

ఖరగ్‌పూర్

అయ్యా,

నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. నాను కల్మా చదివి ముసల్మానునై ఎనిమిది నెలలు. నమాజులో తలొంచితే నా మనసు కుదుటపడతాది. ఆ మాట నీకు చెప్పే వీలు లేకపోయింది.

అన్నయ్య మాటాడ్డం మానేసినాడు, నీ సంవత్సరీకానికీ పిలవలేదు. వర్క్‌షాపు డ్యూటీ అయ్యాక రోజా ఉపాసంతో క్వార్టర్లో కూకున్నాను. ఇదే నా మొదటి రంజాను.

పొద్దు గూకుతుంటే వదిన గారెలు తెచ్చింది.

"పిండాలకి పెట్టినవి నువ్వు తినవు కదా బాబూ. ఇయి ముందే పక్కకి తీసినాను."

అన్నయ్య బయట సైకిలు పట్టుకుని నిల్సున్నాడు. మసీదులో అజాన్ ఇనపడగానే వదినతో అన్నాడు:

"ఉపాసం అయిపోయింది. తినమను."

ఖర్జూరం తిని, గారె తీసుకున్నాను. అన్నయ్య లోపలికి రాలేదు. నాను తినేదాకా ఎల్లనూ లేదు.