బతికున్న మనిషికి పెత్రమాస బియ్యం

1948 సెప్టెంబర్ 24, శుక్రవారం

వానలు వెనకబట్టాయి. చేలో మక్క కంకులు గింజ పట్టాయి. నేను లేచేసరికే అత్త భద్రమ్మ రోట్లో మక్కలు రుబ్బుతోంది. ఈ కాలం వచ్చిందంటే మా ఇంటి ముందు పొయ్యి వెలగాల్సిందే. పొద్దున్నే నెల్లికుదురు పోయేవాళ్లు వేడి గారెలు తిని పోతారు. ఆ పైసలే మాకు తిండి.

మా ఆయన సంఘంలో చేరి అడవికి పోయి ఏడాది దాటింది. రజాకార్లు పోగానే వస్తానన్నాడు. ఇండియా పటాలం వచ్చింది, రజాకార్లు పోయారు, ఆయన మాత్రం రాలేదు. ఇప్పుడు ఆ పటాలమే సంఘం వాళ్లను పట్టుకోవడానికి దొర గడీలో క్యాంపు పెట్టి కూర్చుంది. నేను రాసే ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే మా పని అయిపోయినట్టే. రాయకపోతే మాత్రం నిద్ర పట్టదు. జనగామ మిషన్ స్కూల్లో నాకు అంటిన రోగం ఇది.

సెప్టెంబర్ 27

సిపాయిలు గారెలకు వచ్చారు. ఇండియా కల్దారు పైసలిచ్చారు. నిజాం హాలి సిక్కా రేపో మాపో చెల్లదని నూనె దుకాణంలో మొహం తిప్పుకుంటున్నారు, కల్దారు చూపిస్తే నవ్వుతున్నారు. ఆయన్ను వెతికేవాళ్లకు నేను వండి పెట్టాలా అని అత్త మీద విసుక్కున్నాను. వాళ్లకు వెట్టకుంటె మనమేం తింటమే, జర నోరు మూస్కొని నూనె తీస్కరాపో అంది. తెచ్చాను. దారంతా తిట్టుకుంటూనే తెచ్చాను.

సెప్టెంబర్ 29

పక్కింటి నీలి వచ్చి గుసగుసగా చెప్పింది. మనిషి కనబడకుండా పోయిన ఇళ్లన్నిటికీ పోలీసు పటేలు లిస్టు రాస్తున్నాడట. పెత్రమాస పొద్దున, పోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే వేళ, పూజారి అయ్యగారి అరుగు మీద కూర్చుంటాడట. పోయినోని పేరు మీద బియ్యమిస్తే సచ్చిండని లిస్టులకెల్లి కొట్టేస్తడట, ఇయ్యకుంటె బతికే ఉన్నడు, యాడున్నడో ఆడోళ్లకు ఎరుకే అని క్యాంపుకు తోలుకపోతడట అక్కా అంది.

పక్క ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లను అట్లాగే తీసుకుపోయారు. తిరిగొచ్చాక వాళ్లు ఎవరితోనూ మాట్లాడడం లేదు.

అక్టోబర్ 1

ఏ పనీ చేతికి రావడం లేదు. పొయ్యి మీద నూనె పొంగినా చూసుకోలేదు.

బతికున్న మనిషికి ఎవరైనా పెత్రమాస బియ్యం ఇస్తారా? ఇస్తే ఆయుష్షు పోతుందని నా భయం. ఇవ్వకపోతే క్యాంపు. పైగా బియ్యం, పప్పు, నెయ్యి, కూరగాయలు కొనాలి. ఉన్నవి నూనె పైసలే. ఉన్న మనిషిని చంపడానికి కూడా ఖర్చే.

ఇవ్వక తప్పదు, అయ్యగారి ముందు ఆయన పేరు నేను చెప్తానన్నాను. అత్త ఒప్పుకోలేదు. నీ నోటెంట రావద్దు బిడ్డా, కన్నదాన్ని నేనే అంట అంది.

అక్టోబర్ 2, పెత్రమాస, పొద్దున

అయ్యగారు పేర్లు అడిగారు. అత్త ముందు మామ పేరు చెప్పింది, మామ తండ్రి పేరు చెప్పింది, ఆగిపోయింది. పటేలు దగ్గాడు. ఓదెలు అంది అత్త, కొడుకు పేరు. అయ్యగారి చేతిలో చెంబు ఆగింది. మనిషి బతికే ఉన్నాడని అయ్యగారికి అర్థమైందనుకుంటాను. నీళ్లు వదిలారు.

పటేలు మాత్రం నా చేతి గాజుల వంక చూశాడు. బియ్యంతో అయిపోతుందనుకున్నాం, ఎంత తెలివితక్కువ వాళ్లం! అందరూ చూస్తుండగా అత్త నా గాజులు అరుగు అంచుకు కొట్టి పగలగొట్టింది. గట్టిగా శోకం పెట్టింది. అందులో ఎంత ఊరి కోసమో, ఎంత నిజమో నాకు తెలియదు. నా ఏడుపు మొత్తం నిజం.

అదే రోజు, సాయంత్రం

ఎంగిలిపూల బతుకమ్మ. గాజులు పోయిన నన్నెవరూ పిలవలేదు.

అక్టోబర్ 4

పటేలు గారెలు తిని పైసలిచ్చి మరీ పోయాడు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

అక్టోబర్ 8, తెల్లవారుజామున

ఆయన వచ్చాడు. మక్క చేనులోంచి, బురద కాళ్లతో. చిక్కిపోయాడు. సద్ది గారెలు ఊపిరి తీసుకోకుండా తిన్నాడు. అప్పుడు నా చేతులు చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. జరిగిందంతా విని నవ్వాడు. అరె, నేను సచ్చిపోయిన్నా అన్నాడు.

ఆ తర్వాత, మంచిగైంది, గట్లనే ఉండు, ఇగ మనింటి దిక్కు ఎవ్వడు సూడడు, ఎల్లుండి సంది మావోళ్లు నలుగురు పొద్దుగాల వచ్చి తిని పోతరు అన్నాడు. నూనె జర ఎక్కువ కొనుండ్రి అని కూడా అన్నాడు. పైసలెక్కడివని అడగలేదు. గాజుల మాట ఎత్తలేదు.

బతికున్నాడు. అది చాలనుకోవాలి. చాలడం లేదు. అరవాలనిపించింది. అత్త పొయ్యి దగ్గర నిలబడి అంతా విన్నది.

అక్టోబర్ 10, సద్దుల బతుకమ్మ

ఈరోజు గారెలు లేవు. వచ్చిన నలుగురికి అత్త అంబలి పోసి పంపింది. నూనె పైసలతో గాజులమ్మే గంగి దగ్గర ఆకుపచ్చ గాజులు కొన్నది, కురవిలో ఉన్న చెల్లెలి బిడ్డకని చెప్పి.

తలుపు మూసి నాకు తొడిగింది. గలగలమనకుండా గుడ్డ చుట్టింది. బయట పాటలు మొదలయ్యాయి. ఇద్దరం ఇంట్లోనే బతుకమ్మ ఆడినట్టు దీపం చుట్టూ తిరిగాం. చప్పట్లు కొట్టలేదు.