గొర్రెపిల్లలు లేని పూట

తమ్మీ,

రీఛార్జ్ చేయించుకొని రాంగనే ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టు, పదింటికి కరెంటు పోతది. నెట్ స్టిక్ కిటికీ కాడ పెట్టు. ఇంటర్వ్యూల స్క్రీన్ దిక్కు గాదు, కెమెరా దిక్కు సూసి మాట్లాడు. గిన్నెల అన్నం ఉంది, తిన్నంకనే కూసో. నేను మిరప తోటకు పోతున్న.

ఈసారి అరుపులుండయ్. రోజూ ఇంటికాడ ఉండే గొర్రెపిల్లలను గూడ నాయిన మందతోటి తోలుకపోయిండు. ఈ ఎండల అవి ఎట్ల నడుస్తయో ఏమో. పోయిన ఇంటర్వ్యూల అవి అరిస్తే "పక్కింటోళ్లవి సార్" అన్నవ్ గదా, అరుగు మీద కూసున్న నాయిన విన్నడు.

— గోపికక్క

కాలు విరిగిన పిల్ల ఒకటి నడవలేక ఇంట్లనే ఉంది. అది అరిస్తే "మాదే సార్" అని చెప్పు.