నేను ఎక్కని కొండ

అమ్మకు,

తప్పులుంటే సర్దుకుని చదువుకో. నేను చదివింది ఐదో తరగతే, పైగా పిండి బస్తా మీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? చెల్లి కుట్టుపని నేర్చుకుందని చదివి నా సంతోషం ఇంతా అంతా కాదు.

హోటలు ఎలా నడుస్తోందని అడిగావు. కొండెక్కేవాళ్ళు బాగా వస్తున్నారు. తెల్లవారకముందే వాళ్ళకు టీ కాచి, దారిలో తినడానికి రొట్టెలూ ఉడికించిన గుడ్లూ పొట్లాలు కడతాను. మధ్యాహ్నం దిగేవాళ్ళకు భోజనాలు. దారి అడిగితే నేనే చెబుతాను. "పడిపోయిన చెట్టు దాటాక ఎడమకు తిరగండి. కుడి దారి చూడ్డానికి బాగుంటుంది గానీ చివర్న లోయ."

నిన్న కర్ర పట్టుకుని వచ్చిన ఒక టీచరమ్మ, "భలే చెప్పావే! నువ్వెన్నిసార్లు ఎక్కావమ్మా?" అంది. నేను జవాబు వెతుక్కునేలోపే గల్లాపెట్టె దగ్గర నుంచి అత్తయ్య అందుకుంది.

"అదా? గిన్నెల గుట్ట ఎక్కి దిగేసరికే దానికి పొద్దుపోతుంది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అమ్మా, నేను ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని శిఖరం దాకా నడిపించారని, జలపాతంలో కాళ్ళు తడుపుకున్నామని రాశానే, అవన్నీ బల్లల దగ్గర విన్న మాటలు. నా ఉత్తరాలు ఆయన చదివాకే పోస్టులో పడతాయి. రెండేళ్ళుగా "రద్దీ తగ్గనీ, తీసుకెళ్తా" అంటున్నారు. రద్దీ తగ్గితే అత్తయ్య గోడలకు సున్నం వేయిస్తుంది. వీళ్ళు కొట్టరు, తిండి దగ్గర లోటు చేయరు. వెనక గుమ్మానికి గొళ్ళెం కూడా పెట్టరు. గడప దాటి ఎక్కడికి పోతావని అడిగితే నా దగ్గర జవాబు ఉండదని వాళ్ళకు తెలుసు.

ఆ ఉత్తరాలు చూసి మురిసిపోయి, చెల్లిని మా మరిదికి ఇస్తానని రాశావు. అత్తయ్య ఆయనతో అంటుంటే విన్నాను. "బయటి మనిషిని పెట్టుకుంటే నాలుగు నెలలకే మానేస్తుంది. కోడలైతే ఎక్కడికి పోతుందిరా?" ఆయన టీ తాగి, ఖాళీ కప్పు నాకందించారు.

అసలు చెప్పలేకపోతున్నది ఇది. నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. వద్దని ఆ రోజే రాయాల్సింది. కానీ చెల్లి వస్తే గిన్నెల దగ్గర ఒక తోడు ఉంటుందని, నవ్వుకోవడానికి ఒక మనిషి ఉంటుందని ఆశపడ్డాను. అది చాప పరుచుకునే చోటు కూడా చూసిపెట్టాను. సొంత చెల్లిని ఇందులోకి లాక్కుందామనుకున్నాను. నన్ను క్షమించు.

దాన్ని ఇక్కడికి ఇవ్వకు. పిల్ల ఇంకా చిన్నదనో, మరేదో వంక చెప్పు. నా మాట రానివ్వకు. నా సంగతి తర్వాత ఆలోచిద్దాం, ముందు దాన్ని కాపాడు.

టీచరమ్మ ఇవాళ దిగి వెళ్ళిపోతోంది. ఆయన కంటపడకుండా ఇది ఆవిడ చేతికే ఇస్తున్నాను. చదవగానే పొయ్యిలో వేసెయ్యి, బూడిదయ్యేదాకా అక్కడే ఉండు. వచ్చే నెల మళ్ళీ ఉత్తరం వస్తుంది. చాలా సుఖంగా ఉన్నానని ఉంటుంది. నమ్మకు.

ఇట్లు,
నీ పెద్దపిల్ల