క్యాలెండరెక్కిన ప్లీసియోసార్

విశాఖపట్నం,
12 నవంబరు 1998

ప్రియమైన నాన్నగారికి,

చందన నమస్కారాలు. శుభవార్తండీ! జనవరిలో రాజమండ్రిలో జరిగే సైన్సు ఎగ్జిబిషన్‌కి మా జియాలజీ డిపార్ట్‌మెంట్ మోడల్ పెడుతోంది. దాని పక్కన నిలబడి జనానికి వివరించేది నేనే. మగపిల్లలంతా పోటీపడినా మా మేడమ్ నన్నే ఎంచారు.

మోడల్ దేనిదంటారా? ప్లీసియోసార్ అని, కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో బతికిన సరీసృపం. డైనోసార్ కాదు. పీపా లాంటి ఒళ్లు, పొట్టి తోక, కాళ్లకు బదులు తెడ్ల లాంటి నాలుగు రెక్కలు. పొడవులో సగం మెడే. మనకీ జిరాఫీకీ మెడలో ఏడే ఎముకలు, దీనికి డెబ్బై దాటాయి! తల మాత్రం చిన్నది. నోరు మూస్తే పైపళ్లూ కిందిపళ్లూ ఒకదాని సందులో ఒకటి దిగిపోతాయి, పట్టిన చేప జారదు.

దసరాకి వచ్చినప్పుడు, "అసలేం చదువుతున్నావో ఓసారి చూపించు, పీహెచ్‌డీ మాట అప్పుడు ఆలోచిస్తా. లేదంటే తణుకు సంబంధం ఖాయం" అన్నారు. ఇప్పుడు చూపిస్తాను. అప్లికేషన్‌కి జనవరి నెలాఖరే గడువు. తప్పకుండా రావాలి.

మీ
హరిచందన

పెనుగొండ,
14 డిసెంబరు

చిరంజీవి చందనమ్మకు,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం కొట్లో ఎంతమందికి చదివి వినిపించానో! చీరలు బేరమాడ్డానికొచ్చినవాళ్లు కూడా బేరం మానేసి విన్నారు. మీ అమ్మేమో, "ఒంటిమీద బల్లి పడితే తలస్నానం చేస్తాం, ఇది బల్లుల చదువే చదువుతోంది" అని నాతో సణుగుతుంది. మళ్లీ పాలవాడిక్కూడా గొప్పగా చెప్పింది తనే.

అసలు సంగతి విను. ఏటా కొత్త సంవత్సరానికి మన కొట్టు పేరుతో క్యాలెండర్ వేయించి పంచుతాం కదా. ఈసారి దానిమీద నీ జంతువుని వేయించాను! బోర్డులు రాసే చిట్టియ్య నీ ఉత్తరం విని గీశాడు. అమ్మవారు లేకుండా మన క్యాలెండర్ ఎన్నడూ రాలేదు కాబట్టి ఆవిణ్ణి పైన, దాన్ని కింద పెట్టించాను. అడుగున "మా అమ్మాయి చదువు" అని పెద్ద అక్షరాలతో అచ్చువేయించాను. ఒకటి పంపుతున్నాను. అప్పుడే ఊళ్లో సగం పంచేశాం. ఎలా ఉందో రాయి. మా అమ్మాయా మజాకానా!

నీ నాన్న
వీరవెంకటసత్యనారాయణ

విశాఖపట్నం,
19 డిసెంబరు

ప్రియమైన నాన్నగారికి,

క్యాలెండర్ చూసి తల పట్టుకున్నాను. చిట్టియ్య దానికి పులసకున్నట్టు పొలుసులూ, చెంపల పక్కన మొప్పలూ పెట్టాడు! అది చేప కాదండీ. ఊపిరితిత్తులున్న ప్రాణి, గాలి కోసం నీళ్ల పైకి రావాల్సిందే. పైగా అమ్మవారు దాని వీపు మీదే కూర్చున్నట్టుంది. మా హాస్టల్లో వంటచేసే పాపాయమ్మ, "ఇదేం వాహనమమ్మా, ఎప్పుడూ చూడలేదు" అని కళ్లకద్దుకుంది.

మా మేడమ్ కంటపడితే నా గతేంటి? "మా అమ్మాయి చదువు" అని కూడా వేయించారు! చేపకీ సరీసృపానికీ తేడా తెలియనిదాన్ని రీసెర్చ్‌కి ఎవరు తీసుకుంటారు? దయచేసి ఇంకెవరికీ ఇవ్వకండి. ఇచ్చినవి వెనక్కి తెప్పించండి. కోపంగానే రాస్తున్నాను, ఏడుపు కూడా వస్తోంది.

మీ
చందన

రాజమండ్రి,
9 జనవరి 1999

నాన్నగారికి,

ఎగ్జిబిషన్ ఇవాళ్టితో అయిపోయింది. మూడు రోజులూ గుమ్మం వైపే చూశాను. మీరూ రాలేదు, మీ ఉత్తరమూ రాలేదు. నా కోపానికి మీకూ కోపమొచ్చినట్టుంది. తణుకువాళ్లకి మీకు తోచింది చెప్పండి. నేను బాగా చెప్పానని మేడమ్ మెచ్చుకున్నారు, ఆ ముక్క మీకు తెలియాలని రాశాను.

చందన

పెనుగొండ,
13 జనవరి

నా బంగారుతల్లి చందనమ్మకు,

రాలేదని ఎవరు చెప్పారే నీకు? రెండోరోజు కొట్టు కట్టేసి మరీ వచ్చాను. బడిపిల్లల గుంపు వెనకాల నిలబడ్డాను. ముందుకొస్తే మీ మేడమ్, "ఆ క్యాలెండర్ వేయించిన మహానుభావుడు మీరేనా?" అంటారని భయమేసింది. నువ్వు దాని ఊపిరి గురించీ తెడ్ల గురించీ గంట కొట్టినట్టు చెబుతుంటే పక్కనున్న పెద్దాయన, "ఎవరి పిల్లండీ ఈవిడ?" అన్నాడు. "మా పిల్లేనండీ" అన్నాను.

క్యాలెండర్లు వెనక్కి అడిగితే ఒక్కరిస్తే ఒట్టు! అమ్మవారి పటం తిరిగిస్తామా అని చెంపలేసుకున్నారు. అందుకే ఇంటింటికీ తిరిగి, "ఇది వాహనం కాదండీ, చేపా కాదు. మొప్పలూ పొలుసులూ మా చిట్టియ్య చలవ" అని చెప్పుకొచ్చాను. ఆ తిరుగుడులోనే ఉత్తరం ఆలస్యమైంది. సంపూర్ణమ్మగారైతే, "అయ్యో, అలాగా!" అని మొప్పల మీద గంధం పూసేసింది.

మొన్న ఆదివారం తణుకువాళ్లొచ్చారు. పైచదువుకి ఐదేళ్లు పడుతుందన్నాను. "అన్నేళ్లు చదివి ఏం చేస్తుందండీ?" అన్నారు. "కూర్చోండి, చెబుతాను" అని మెడ ఎముకల దగ్గర మొదలుపెట్టాను. తోక దాకా రాకుండానే లేచి వెళ్లిపోయారు. మీ అమ్మ, "పోతే పోయారు, సగం కూడా వినలేనివాళ్లు మన పిల్లనేం ఏలుకుంటారు" అంది.

అప్లికేషన్ ఇవాళే పోస్టు చెయ్యి. ఇంటర్వ్యూకి నేనూ వస్తాను. ఈసారి ఎవరి వెనకా నిలబడను.

చందన నాన్న
వీరవెంకటసత్యనారాయణ