జెండా పక్కన విజిల్

ప్రొద్దుటూరు,
శనివారం

మా పద్మక్కకు,

ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. మీ ఇంట్లో స్పీకరు పెట్టకుండా ఎవరూ మాట్లాడరు. అందుకే రాస్తున్నాను. చదివి చించెయ్.

ఫర్జానా మీద నాకు అనుమానం పట్టుకుంది. నేను రెఫరీగా విజిల్ ఊదుతుంటే గీత మీద జెండా పట్టుకుని నిలబడే పిల్ల. మన ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తినిందో. కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

మొన్న ఇక్కడ ఫుట్‌బాల్ సెమీఫైనల్లో జమ్మలమడుగు, వేంపల్లె ఆడాయి. జమ్మలమడుగుకు ఆడే అస్లాం ఫర్జానా తమ్ముడే. వాడు కొట్టిన గోల్ ఆఫ్‌సైడ్ అని, బంతి రాకముందే డిఫెండర్లను దాటి నిలబడ్డాడని వేంపల్లె వాళ్లు నెత్తీ నోరూ బాదుకున్నారు. ఆ సంగతి చెప్పాల్సింది ఫర్జానా. జెండా ఎత్తలేదు. గోల్ పడగానే వాడు అక్క వైపే చూసి నవ్వాడు. సైగ కాకపోతే ఏమిటది? ఆట జరిగినంతసేపూ ఆమె నా మొహం చూడనే లేదు. మనసులో ఏమీ లేని మనిషి చూపు తప్పిస్తుందా? తర్వాత పోటీలు నడిపే కొండయ్య సార్‌ను పక్కకు పిలిచి గుసగుసలాడింది. నేను దగ్గరికి పోగానే ఇద్దరూ నోరు మూసుకున్నారు.

రేపు పులివెందులలో, ఆ ఊరి జట్టుతోనే ఫైనల్. మళ్లీ జమ్మలమడుగే, మళ్లీ ఫర్జానా జెండానే. మామూలుగా ఆమె ఈ గీత మీద ఉంటే నేను అవతలి వైపు నుంచి పరిగెత్తాలి. బంతి మా ఇద్దరి మధ్య ఉంటే ఒకరికి కనబడనిది ఇంకొకరికి కనబడుతుంది. రేపు మాత్రం ఆమె పక్కనే ఉంటాను. దొంగతనం కంటబడిందా, ఇక ఆమెకు జెండా ఇవ్వొద్దని జిల్లా సంఘానికి చెప్పేస్తాను. కడుపు మండిపోతోందక్కా.

నీ సుభాషిణి


ప్రొద్దుటూరు,
సోమవారం

పద్మక్కా,

మొదటి ఉత్తరం అందిందో లేదో. అందకపోయి ఉంటే, అందినాక చదవకుండా చించెయ్.

అనుకున్నట్టే ఫర్జానాను అంటిపెట్టుకుని తిరిగాను. ఆమె కళ్లు డిఫెండర్ల వరుసను వదల్లేదు. ఆఫ్‌సైడ్ పట్టాలంటే చూపు అక్కడే ఉండాలి, నా మొహం మీద కాదు. అది ఆమెకు నేర్పిందే నేను. అయినా అనుమానం పోలేదు, అక్కడి నుంచి కదల్లేదు.

ఆట చివర్లో అవతలి గోల్ స్తంభం దగ్గర, గుంపులోంచి అస్లాం గోల్ కొట్టాడు. మాకు వాడి వీపే కనబడింది. నేను గోల్ ఇచ్చేశాను. ఫర్జానా జెండా ఎత్తి నన్ను పిలిచింది.

"గోల్ ఇయ్యొద్దక్కా. చేత్తో కొట్టినాడు."

"చూస్తివా?"

"యాడ చూస్తి? నీ మాదిరే నాకూ వీపే కనపడె. గోల్ కొడితే వాడు ముందు నా పక్కే చూస్తాడు, చిన్నప్పటి నుంచి అంతే. ఇప్పుడు తల తిప్పుకున్నాడు. వాన్నే అడుగు."

అడిగాను. "లేదు మేడం" అన్నాడు అస్లాం.

"నా మొగం జూసి చెప్పురా" అంది ఫర్జానా.

వాడు చూడలేకపోయాడు. "తగిలింది" అన్నాడు నేల చూపులు చూస్తూ. గోల్ రద్దు చేశాను. అప్పటికే ఒక గోల్ ముందున్న పులివెందులకు కప్పు పోయింది.

ఆ గుసగుసలేమిటో అప్పుడడిగాను కొండయ్య సార్‌ను. "తమ్ముడు ఆడే ఫైనల్లో నన్ను పెట్టొద్దు సార్ అని శానా మొత్తుకునె ఆ పాప. మనుషులు ల్యాక నేనే పెట్టినా" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు బస్సులో ముద్దనూరు దాటినాక ఫర్జానా నోరు విప్పింది. "నువ్వు ఆ పక్కనుంటే ఆ చెయ్యి నీకే కనపడుతుండె గదక్కా. నా తమ్ముని నోట నేను చెప్పించే పని ఉండేది గాదు. నా పక్కన ఎందుకు నిలబడితివి?"

తనను అనుమానించే నిలబడ్డానని ఆమెకు తెలుసు. అస్లాం ఆమెతో మాట్లాడడం లేదట. ఆ పాపం నాదేనక్కా, ఏడుపొస్తోంది.

వచ్చే ఆదివారం మ్యాచ్‌కు విజిల్ ఫర్జానాకు ఇమ్మని కొండయ్య సార్‌ను అడిగాను. జెండా నేను పడతాను. ఆమె ఒప్పుకుంది. తను మాత్రం అవతలి వైపే పరిగెత్తుతానంది.

నీ చెల్లెలు,
సుభాషిణి