దిబ్బ మీద మైదానం, దిబ్బ కింద తోట

తాంగ్‌విక్,
ఏప్రిల్ 9

ప్రియమైన సిగ్రున్,

నీ చెవులకు ఫోను సరిపడడం లేదని తెలిసినప్పటి నుంచి ఊరి కబుర్లన్నీ కాగితం మీద పెట్టడం నాకు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే ఇదే నయం. ఫోనులో అయితే నన్ను ఒక్క మాట పూర్తి చేయనిచ్చేదానివి కాదు.

మన పాత చెత్త దిబ్బ గుర్తుందిగా. మూసేసి, మట్టి కప్పి, గడ్డి మొలిపించి ఇన్నేళ్లయినా సముద్రపు పక్షులు ఇంకా ఆశ చావక దాని చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. ఇప్పుడు దాని మీద క్రీడా పార్కు కట్టాలని కౌన్సిల్‌లో చర్చ నడుస్తోంది. మంచి పచ్చిక మైదానం, చుట్టూ పరుగు బాట, చలికాలం స్కేటింగ్‌కు చోటు. సభ్యులు సగానికి సగం చీలిపోయారు. అడుగున గ్యాసు ఉందని ఒకరి భయం. నిపుణులు వచ్చి గొట్టాలు దింపి చూసి, ఫరవాలేదన్నా వినడు. ఆ డబ్బు వంతెనకు పెట్టండని ఇంకొకరు. "చెత్త మీద ఆడితే చెత్త ఆటే వస్తుంది" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయన జన్మలో బంతి తన్నిన పాపాన పోలేదు.

నా మాట నీకు వేరే చెప్పాలా. మగపిల్లలకు పచ్చిక, మనకు కంకర. మన ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పుట్టినప్పుడు అంతే, ఇప్పుడూ అంతే. సోమవారం వస్తే బడిలో నా నర్సు గదికి ఆడపిల్లల మోకాళ్ళు వరుస కడతాయి. రాళ్ళు ఏరి, మందు రాసి, కట్టు కట్టి పంపుతాను. మొన్న ఒక పిల్ల "మా అమ్మకు కూడా మీరే కట్టేవారట" అంది. నవ్వాను గానీ లోపల ఒళ్ళు మండింది. ఈ ఒక్క పని కోసమే నేను కౌన్సిల్‌కు నిలబడ్డాను. నా ఓటుతో అటో ఇటో తేలిపోతుందని అందరూ అంటున్నారు. జూన్‌లో సభ.

ఇక్కడ వాన ఆగలేదు. మీ అన్నయ్య ఓడ్‌వార్‌కు నడుం నొప్పి తగ్గింది. రేవు దగ్గర కనిపించాడు. కొత్త టోపీ పెట్టుకున్నాడు, నీలం రంగుది, ముఖానికి బాగానే నప్పింది. అతని తోటలో పుల్లటి రూబార్బ్ కాడలు లేచాయట.

నువ్వు మాత్రం తడిలో తిరగకు.

నీ
హల్దిస్


బెర్గెన్,
ఏప్రిల్ 20

ప్రియమైన హల్దిస్,

మన ఊరి పేపరు నాకింకా పోస్టులో వస్తుందని నువ్వు మరిచిపోయినట్టున్నావు. పార్కు పటం వేశారు. భూతద్దం పెట్టి చూశాను. దిబ్బ మీదికి ఎక్కే రోడ్డు ఎక్కడి నుంచి పోతుందో చూశావా? గేటు పక్కన మూల తోట మీదుగా. ఆ తోట ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

మా వదిన బోర్గ్‌హిల్డ్ పోయాక అన్నయ్య ఎలా ఉన్నాడో నువ్వూ చూశావు. ఇంట్లో కూర్చోలేకపోయేవాడు. పొద్దున లేస్తే మునిసిపాలిటీ దగ్గర అద్దెకు తీసుకున్న ఆ తోటకు పోయి, చీకటి పడితే గానీ వచ్చేవాడు కాదు. మంచు కురుస్తున్నా పోయి ఆ చెక్క గదిలో కూర్చునేవాడు. ఆ ముక్క నేలే తనను బతికించింది. ఇప్పుడు దాని మీద తారు పోస్తారట.

తను మీ సభకు వచ్చి ఒక్క మాట అడగడు. మా ఇంట్లో నోరు తెరిచి అడగడమంటే పన్ను పీకించుకోవడమే. అందుకే నేను అడుగుతున్నాను. చెయ్యి ఎత్తకు. నేను గోల్ ముందు నిలబడినన్నాళ్ళూ నువ్వు వదిలేసిన బంతులన్నీ నా ఒంటితో ఆపాను. ఈ ఒక్కటీ నువ్వు ఆపు.

ఇంకో మాట. నీ ఉత్తరంలో మేయర్ ఏమందో లేదు, ఖర్చెంతో లేదు, మా అన్నయ్య టోపీ రంగు మాత్రం ఉంది. నీ కళ్ళు బాగా పనిచేస్తున్నందుకు సంతోషం.

ప్రేమతో,
సిగ్రున్


తాంగ్‌విక్,
మే 4

ప్రియమైన సిగ్రున్,

ఆ టోపీ అల్లింది నేనే.

కూర్చునే చదువుతున్నావా? రెండు వేసవుల కిందట మీ అన్నయ్య ఒక సంచిలో రూబార్బ్ కాడలు తెచ్చి, "ఎక్కువయ్యాయి, పారేయబుద్ధి కాలేదు" అన్నాడు. మర్యాదకు జామ్ చేసి ఒక సీసా ఇచ్చాను. మరునాడు ఖాళీ సీసా తిరిగివ్వడానికి వచ్చాడు. ఆ తర్వాత అతని తోటలో ఎప్పుడూ ఏదో ఒకటి ఎక్కువవుతూనే ఉంది. ఇప్పుడు శనివారం సాయంత్రం వాఫిల్ అట్లు రెండు ప్లేట్లలో పెడతాను. సైకిలు రేవు గోదాం వెనక దాచి, వెనక దారిన నడిచి వస్తాడు. బోర్గ్‌హిల్డ్‌ను తలచుకుని అతనికి మొహమాటం, ఈ వయసులో ఇదేమిటని నాకు సిగ్గు. బజారులో ఎదురైతే "నమస్కారం, గాలి పెరిగింది" అనుకుని తప్పుకుంటాం. ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకు అతనంటే ఎంత ఇష్టమో అతనికీ సరిగ్గా చెప్పలేదు.

రోడ్డు సంగతి నాకు పటం రాకముందే తెలుసు. అతను ఎత్తడు, నేను ఎత్తను. జామ్ రాసుకుంటూ వానల గురించి మాట్లాడుకుంటాం.

ఇప్పుడు నా చిక్కు చెబుతాను. మా సభలో ఒక పద్ధతి ఉంది. ఒక్కో అంశం మొదలుపెట్టే ముందు, దానితో దగ్గరి సంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మేయర్ అడుగుతుంది. ఉంటే లేచి చెప్పి బయటికి పోవాలి. వాళ్ళ కుర్చీలో మారు సభ్యుడు కూర్చుని ఓటేస్తాడు. మాలో ఎవరు రాకపోయినా, లేచిపోయినా వచ్చే మారు సభ్యుడు ఎవరనుకున్నావు, గొర్రెల ఆర్న్‌ఫిన్. "ఓడ్‌వార్ తోట మీద రోడ్డా? నా గొర్రెలు కూడా ఒప్పుకోవు" అని ఊరంతా చెబుతున్నాడు.

అంటే నేను లేచి చెబితే పార్కు పోయినట్టే. చెప్పకుండా చెయ్యి ఎత్తితే, టోపీ అల్లిన ఈ చేత్తోనే అతని తోట ఊడబెరికినట్టు. చెప్పకుండా, చెయ్యీ ఎత్తకుండా కూర్చుంటే, ఆ పిల్లల్ని నా ప్రేమ కోసం అమ్ముకున్నట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు అన్నం సయించడం లేదు. నువ్వే చెప్పు.

నీ
హల్దిస్


బెర్గెన్,
మే 12

హల్దిస్,

రెండు వేసవులు. నాకు కూడా చెప్పలేదు. నీ పేరు ముందు ప్రియమైన అని ఎందుకు పెట్టలేదో తెలిసే ఉంటుంది.

సలహా అడిగావు కనక చెబుతున్నాను. నోరు మూసుకుని కూర్చో, చెయ్యి ఎత్తకు. మీ ఇద్దరికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదన్నావుగా. మంచి సలహా కాదని నాకూ తెలుసు. కానీ తను నా అన్న. ఇన్నేళ్ల తర్వాత తనకు ఒక తోటా, ఒక తోడూ రెండూ ఉన్నాయని ఇవాళే తెలిసింది. ఒకటి పోతే రెండోది నిలుస్తుందా అని నా భయం.

సిగ్రున్

మరునాటి మాట: పోస్టాఫీసు దాకా పోయి, కవరు చింపి మళ్ళీ రాస్తున్నాను. పైన రాసింది కొట్టేయను, అదీ నా మనసే. కానీ నువ్వు అలా చేస్తే ఇంతకాలం నిన్ను ఎందుకు ఇష్టపడ్డానో నాకు గుర్తు రాదేమో. నీకు తోచింది చెయ్యి. చేశాక నాకు రాయి, ఏం చేసినా సరే.


తాంగ్‌విక్,
జూన్ 27

ప్రియమైన సిగ్రున్,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. తిట్టు. రాయడానికి కుదురుగా మనసు ఉంటేగా.

సభ రోజు పైన గ్యాలరీ నిండిపోయింది. ఆడపిల్లల కోచ్ సిన్నోవె తన జట్టునంతా వెంటబెట్టుకొచ్చింది. ఓడ్‌వార్ చివరి వరుసలో మూలకు కూర్చున్నాడు. నేను లోపలికి పోతుంటే నడవలో ఆర్న్‌ఫిన్ కనిపించాడు. ఉతికిన స్వెటరు, తడిపి దువ్విన తల.

"ఏం ఆర్న్‌ఫిన్, ఎవరికి ఒంట్లో బాగోలేదు?" అన్నాను.

"అందరూ బాగానే ఉన్నారు" అని బూట్లు చూసుకున్నాడు.

మేయర్ మామూలుగా చదివినట్టే అడిగింది, సంబంధం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. లేచాను. "ఆ రోడ్డు ఓడ్‌వార్ తోట మీదుగా పోతుంది. ఓడ్‌వార్, నేను దగ్గరివాళ్ళం. చాలా దగ్గరివాళ్ళం. నేను ఓటు వేయకూడదు" అన్నాను.

ఒక్కరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. మేయర్ కళ్ళజోడు సర్దుకుని, "సరే హల్దిస్ అక్కా. ఆర్న్‌ఫిన్‌ను లోపలికి రమ్మనండి" అంది. అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు.

"ముందే పిలిపించావా?"

"వారమైంది. మీరు లేచి చెబుతారనే అనుకున్నాం."

"చెప్పకపోతే?"

"ఆర్న్‌ఫిన్‌కు ఒక సాయంత్రం దండగ. మాకు మీ ముఖం చూడటం కష్టమయ్యేది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ ఊరికి తెలియదనుకున్నాం. గోదాం కాపలాదారు వాన పడితే ఆ సైకిలు మీద గోనెపట్టా కూడా కప్పేవాడట. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఈ ఊరి మర్యాద అలాంటిది.

నడవలో బెంచీ మీద కూలబడ్డాను. ఓడ్‌వార్ మెట్లు దిగి వచ్చి, అందరూ చూస్తుండగా నా పక్కన కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చాడు.

"రోడ్డు గురించి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"నువ్వెందుకు అడగలేదు?"

"మనం వానల గురించి మాట్లాడుకుంటున్నాంగా" అన్నాడు.

లోపల ఆర్న్‌ఫిన్ అన్నంత పనీ చేశాడు. ఒక్క ఓటుతో పార్కు పోయింది. పిల్లలు చప్పుడు లేకుండా మెట్లు దిగారు. సిన్నోవె నా ముందు ఆగి, "మీరు చేసింది న్యాయమే. కానీ మాకు మళ్ళీ కంకరే" అంది. ఇంటికొచ్చి ఏడ్చాను సిగ్రున్. చేసిన పనికి కాదు, అందుకు ఆ పిల్లలు చెల్లించాల్సి వచ్చినందుకు.

శనివారం కాకుండానే, మంగళవారం పట్టపగలు మీ అన్నయ్య వచ్చాడు. సైకిలు మా ముందు గేటుకే ఆనించాడు. తోట మునిసిపాలిటీకి తిరిగి ఇచ్చేశానన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది.

"నా కోసం త్యాగాలు చేయకు. నేను అడిగానా?"

"లేదు. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు."

"మరెందుకిచ్చావు?"

టోపీ చేతిలో తిప్పుకున్నాడు. "బోర్గ్‌హిల్డ్ పోయాక ఇంట్లో ఉండలేక తోటకు పోయేవాణ్ణి. ఇప్పుడు తోటలో ఉంటే ఈ ఇంటి మీదే ధ్యాస. ఇంకా ఎన్నాళ్ళు సైకిలు దాచుకోను, హల్దిస్? నువ్వు రానిస్తే వస్తాను" అన్నాడు.

మీ ఇంట్లో ఎవరూ నోరు తెరిచి అడగరన్నావు. అడిగాడే.

రానిచ్చాను. అతని ఎర్ర పళ్ళ పొదలు ఆకు రాలాక మా పెరట్లోకి మారతాయి. సంగతి తెలిసి ఆర్న్‌ఫిన్, "ఇది ముందే చేసి ఉంటే నాకు స్వెటరు ఉతికే పని తప్పేది. నాకింకేం అభ్యంతరం లేదు" అన్నాడట. సెప్టెంబరులో పార్కు మళ్ళీ సభకు వస్తోంది. తోట ఇప్పుడు అతనిది కాదు కనక నేను బయటికి పోనక్కర్లేదని మేయర్ అంది. నా చెయ్యి నేనే ఎత్తుతాను.

అంతకంటే ముందు, ఆగస్టు రెండో శనివారం నువ్వు రావాలి. అదే సభా మందిరంలో, అదే మేయర్ ముందు. ఈసారి లేచి నిలబడేటప్పుడు పక్కన అతను కూడా నిలబడి ఉంటాడు.

ఇకపై నీ వదిన,
హల్దిస్