రెండో వరుస ఎటు నుంచి

అమ్మా న్యలుహంగా,

దీవెనలు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా బాగున్నాం. మ్జూజు పట్నంలో నువ్వూ మా అబ్బాయి లుసుంగూ సుఖంగా ఉన్నారనే నమ్మకంతో కలం పట్టాను. అత్తయ్య బి.పి. మాత్రలు వేసుకుంటోందా అని అడిగావు. వేసుకుంటోంది. చేదుగా ఉన్నాయని రోజూ నన్ను తిడుతోంది, నేనే తయారు చేసినట్టు. మొక్కజొన్న గాదెకెక్కింది.

నీ కంప్యూటరు పాఠాల ఆటకు నేను చెక్కిన మేకబొమ్మ కాళ్ళు సన్నగా ఉన్నాయి, పిల్లల చేతుల్లో విరుగుతాయేమోనని రాశావు. లావు చేశాను. ఇప్పుడది మేకలా లేదు, పందిలా ఉందంటోంది పక్కింటి వెజి. పిల్ల చిన్నదే, నోరు పెద్దది. కొమ్ములున్నాయి కదా అన్నాను. "కొమ్ములున్న పంది, తాతా" అంది.

'మళ్ళీ' అనే బిళ్ళ పిల్లలకు అర్థమైందా అన్నావు. మొదటి రోజు కాలేదు. వెజి 'ముందుకు' బిళ్ళలే పెట్టుకుంటూ పోయింది. బిళ్ళలు పెట్టే గుంటలు అయిపోయాయి, మేక ఇంకా సగం దారిలోనే ఉంది. అప్పుడు 'మళ్ళీ' బిళ్ళ చేతికిచ్చాను. కాసేపు తిప్పి చూసింది. "అంటే మా అమ్మ. చెప్పిందే చెబుతుంది" అంది. ఇప్పుడు అందరూ దాన్ని అమ్మ బిళ్ళ అంటున్నారు. నీకు అభ్యంతరమైతే మాన్పిస్తాను.

ఒకరు బిళ్ళలు పేర్చాలి, ఎదుటివారు ఆ ప్రకారం మేకను నడపాలి, బాగుంది. నడిపేవారు జాలిపడకూడదన్న నియమమే ఇక్కడ కష్టంగా ఉంది. ముందు గడిలో దుమ్ములగొండి బొమ్మ ఉంటే మేకను దాని నోట్లోకి నడపడానికి వెజి చెల్లెలు ఒప్పుకోదు. మేకను చంకలో పెట్టుకుని ఏడుస్తుంది. కంప్యూటరు ఏడవదు, చెప్పింది చేస్తుంది అంతే అని నువ్వు రాసిన మాట చదివి వినిపించాను. "అయితే దాన్ని మేకలు కాయడానికి పెట్టకండి" అంది.

ఇంతవరకూ రాసి లేచాను. చేతిపంపు దాకా వెళ్ళాను, బిందె లేకుండా. అక్కడి ఆడవాళ్ళు నవ్వారు. తిరిగొచ్చి కూర్చున్నాను. చెప్పాల్సింది వేరే ఉంది.

ఆట పలకలన్నీ తప్పుగా చెక్కాను అమ్మా. తప్పో కాదో కూడా తెలియదు.

పోయినసారి వచ్చినప్పుడు నువ్వు ఎప్పటిలాగే నా కంటపడకుండా వంటపాక గోడ వెనక కూర్చున్నావు. నేను మామిడి చెట్టు కింద. పలక అంచున బిళ్ళలు పెట్టడానికి రెండు వరుసలు, వరుసకు ఎనిమిది గుంటలు అని నువ్వు చెప్పావు, ఆ మాట మీ అత్తయ్య నా దగ్గరికి మోసుకొచ్చింది. ఎనిమిదేసి గుంటల వరుసలంటే నాకు తెలిసింది గుంటల్లో గింజలు పంచే మన బావో ఆటే. జీవితమంతా చెక్కింది అదే. బావోలో గింజలు ఒక వరుసలో ఎడమ నుంచి కుడికి పోతాయి. చివర మలుపు తిరిగి, రెండో వరుసలో కుడి నుంచి ఎడమకు వస్తాయి. నేనూ మలుపు దగ్గర గాడి చెక్కి, అలాగే బాణాలు పెట్టాను. అడగాలని తోచలేదు. ఇక్కడి పిల్లలకూ తోచలేదు, వాళ్ళూ బావో ఆడేవాళ్ళే. అందరం ఒకే తప్పులో హాయిగా ఉన్నాం.

మొన్న నువ్వు అచ్చు వేయించిన పాఠాల కాగితాలు వచ్చాయి. వెజి మొదటి కాగితం చూసి బిళ్ళలు పేర్చింది. మేక కొట్టం చేరాలి. రెండో వరుసకు రాగానే తిన్నగా పోయి పలక మీది ఏట్లో దిగింది. "తాతా, కొమ్ముల పందికి ఈత కూడా నేర్పావా?" అంది. నేను నవ్వలేకపోయాను. కాగితం తీసి చూశాను. నీ రెండో వరుస కూడా ఎడమ నుంచే మొదలవుతోంది, పుస్తకంలో రాతలాగా.

వచ్చే వారం నువ్వు టీచర్లందరి ముందు ఈ ఆట పెట్టాలి. వాళ్ళకు నచ్చితేనే బళ్ళకు తీసుకుంటారు. కంప్యూటర్లు లేని బడిలో కంప్యూటరు పాఠమేమిటని ఇప్పటికే నవ్వుతున్నారని రాశావు. నీ కాగితం ఒక దారి, నా పలక ఒక దారి చూపిస్తే ఇంకేం మిగులుతుంది?

గాడుల్లో మైనం నింపి కొత్త బాణాలు చెక్కవచ్చు. ఒక పలక అలా చేసి చూశాను. మచ్చ కనిపిస్తుంది గాని పనికొస్తుంది. మిగతావి మొదలుపెడదామని ఉలి పట్టుకుంటాను, మళ్ళీ దించేస్తాను. నా దారి తప్పంటే చేతులు ఒప్పుకోవడం లేదు. నీ దారి తప్పనడానికి నేనెవరిని? కంప్యూటరు ఎటు నుంచి చదువుతుందో నాకేం తెలుసు?

మీ అత్తయ్యను ఫోనులో అడగమన్నాను.

"గుంటలు, గాడులు, ఎడమ, కుడి. ఇవి నేను మోయను" అంది. "మీ ఇద్దరి మధ్య తీగలాగా ఎన్నాళ్ళు వేలాడమంటావయ్యా? నేను మోసిందే ఇలా వంకరపోయింది. పలకకి అటొకరు ఇటొకరు కూర్చుని ఉంటే మొదటిరోజే తేలిపోయేది."

"మామా కోడళ్ళం. ఎదురెదురుగా ఎలా కూర్చుంటాం?" అన్నాను.

"మన దొడ్లో కోడి లేదా?" అంది.

ఇందాక చేతిపంపు దాకా వెళ్ళొచ్చింది, కాలు నిలవనిది దీనికే.

మామ పంపిన కోడిని కోడలు వండుకు తింటే ఇక చాటు అక్కర్లేదని మనవాళ్ళలో ఉంది. నీకూ తెలుసు. మన ఇళ్ళలో అది బిడ్డ పుట్టాక చేస్తారు. మీకింకా పిల్లలు లేరు. ఇప్పుడు పంపితే బిడ్డ కోసం తొందరపెడుతున్నానని నువ్వు బాధపడతావేమోనని ఇన్నాళ్ళూ ఆగాను. ఆ మాట ఇందులో లేదమ్మా. పలక కోసమే పంపుతున్నాను. ఇంకొకటి కూడా. నాకు మాటలు రావు. ఆ గోడ నీకంటే నాకే ఎక్కువ పనికొచ్చింది.

ఈ ఉత్తరం, తెల్లమచ్చల కోడి బస్సు డ్రైవరు మ్సిస్కా చేతికి ఇస్తున్నాను. దారిలో దానికి నీళ్ళు పెట్టమని చెప్పాను. శనివారం పలకల కోసం మీరిద్దరూ వస్తామన్నారు కదా. నీకు మనసు లేకపోతే అతనితోనే కోడిని వెనక్కి పంపు. నేను ఏమీ అనుకోను. పలకలన్నీ నీ కాగితం ప్రకారం మార్చి ఉంచుతాను. నువ్వు గోడ వెనకే కూర్చుందువుగాని.

కోడి తిరిగి రాకపోతే ఉలి ముట్టను. మామిడి చెట్టు కింద చాప వేసి మధ్యలో పలక పెడతాను. బిళ్ళలు నువ్వు పేర్చు. మేకను నేను నడుపుతాను. జాలిపడను, ఏట్లో దిగమంటే దింపుతాను. మొదటి వరుస అయిపోగానే మాత్రం ఆగుతాను. ఎటు నుంచి అని నిన్నే అడుగుతాను.

ఇట్లు,
నీ మామయ్య
కుమ్వెండా